ఇరవై ఏడు గుళ్ళ జాబితా, ఆరు రోజుల సెలవు

ప్రశ్న: మాది రాజమండ్రి. మా నాన్నగారు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు, డెబ్భై రెండేళ్ళు. తంజావూరు, కుంభకోణం వైపు గుళ్ళు చూడాలని, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర కాసేపు కూర్చోవాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మావారు, ఏడో తరగతి చదివే మా బాబు కూడా వస్తారు. మొత్తం ఆరు రోజులు కుదురుతుంది. మా పెద్దమ్మ తను చూసొచ్చిన ఇరవై ఏడు గుళ్ళ జాబితా చేతిలో పెట్టి, నవగ్రహ క్షేత్రాలు తొమ్మిదీ చూడకుండా రావద్దంది. శ్రీరంగం కూడా కలపమంటోంది. బాబేమో "అన్నీ గుళ్ళేనా?" అని ఇప్పటినుంచే మొహం ముడుచుకున్నాడు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఎప్పుడు వెళ్ళాలి, ఏవి చూడాలి, ఏవి వదిలెయ్యాలి?

సమాధానం: ముందు ఆ ఇరవై ఏడుని తొమ్మిదికి దించండి. పెద్దమ్మగారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. అక్కడి గుళ్ళు చాలావరకు పొద్దున్నే ఆరింటికి తెరిచి మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసేస్తారు. మళ్ళీ తెరిచేది సాయంత్రం నాలుగింటికి. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా కట్టేస్తారు. ఈ లెక్కలో రోజుకి నాలుగైదు గుళ్ళంటే కారెక్కడం, దిగడం, చెప్పులు విడవడం, క్యూలో నిలబడడం తప్ప ఇంకేమీ ఉండదు.

ఇది నాకు అనుభవమే. మొదటిసారి మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు మూడు రోజుల్లో పంతొమ్మిది గుళ్ళు తిప్పాను. ఇంటికొచ్చి ఫొటోలు చూస్తూ "ఇది ఏ గుడే?" అని అమ్మ అడిగితే నాకూ గుర్తు రాలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు తంజావూరు పెద్దగుడిలో ఒకే సాయంత్రం మూడు గంటలు కూర్చున్నాం. అమ్మ చివరిదాకా చెప్పుకున్నది ఆ సాయంత్రం గురించే.

సరే, ఏ తొమ్మిది? మీది రాజమండ్రి అన్నారు, నాన్నగారు తెలుగు పండితులన్నారు. ఆ రెండు ముక్కల్లోనే మీ ప్లాన్ ఉంది.

నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు మీ నాన్నగారికి కొత్త కాదు, ఎన్ని ఏళ్ళు పాఠం చెప్పి ఉంటారో. ఆ రాజుగారి తల్లి కుందవ్వ చోళుల ఆడపడుచు. తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజచోళుడి కూతురు. వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చి చేశారు. అంటే తంజావూరు గుడి మీ ఊరి రాజుగారి తాతగారు కట్టించినది. కుందవ్వ అన్నగారు రాజేంద్రచోళుడు గంగైకొండ చోళపురం కట్టించాడు. రాజరాజనరేంద్రుడు ఆయన కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు, అచ్చంగా మన ఇళ్ళలో మేనరికంలా. కాబట్టి గంగైకొండ చోళపురం గుడి ఆయన మేనమామది, పిల్లనిచ్చిన మామగారిది కూడా. ఈ దంపతుల కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. ఆయన కొడుకు విక్రమ చోళుడు, అతని కొడుకు రెండో కులోత్తుంగుడు, అతని కొడుకు రెండో రాజరాజు. కుంభకోణం పక్కన దారాసురం గుడి కట్టించింది ఈ రెండో రాజరాజే.

తాతగారి గుడి, మేనమామ గుడి, మునిమనవడి కొడుకు గుడి. యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చోళుల గుళ్ళుగా చేర్చినవీ ఈ మూడే. తంజావూరుది 1987లో, మిగతా రెండూ 2004లో. మీ ప్రయాణానికి ఈ మూడే స్తంభాలు. మిగతావన్నీ వీటి మధ్య ఎక్కడ ఇమిడితే అక్కడ పెట్టుకుందాం, ఇమడకపోతే వదిలేద్దాం.

ఎప్పుడు వెళ్ళాలన్నదానికి నా మాట జనవరి రెండో సగం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. కావేరి డెల్టా అంతా పల్లపు నేల, దారాసురం గుడి చుట్టూ నీళ్ళు నిలిచిపోతాయి. మార్చి దాటితే మధ్యాహ్నం గ్రానైటు నేల మీద ఉత్తి కాళ్ళతో అడుగు వెయ్యలేం, అమ్మగారికి అసలు వద్దు. పైగా మెట్టూరు ఆనకట్ట నుంచి కావేరికి మామూలుగా జూన్ 12న నీళ్ళు వదిలి జనవరి 28న ఆపుతారు. ఆ తర్వాత వెళ్తే తిరువయ్యారులో మెట్లు దిగి చూసేది ఇసుకనే. నాన్నగారు త్యాగయ్య సన్నిధికి వెళ్తున్నారు కదా, కావేరిలో నీళ్ళు ఉన్నప్పుడే వెళ్ళనివ్వండి.

రైలు టికెట్లకంటే ముందు పంచాంగం తీసి పుష్య బహుళ పంచమి ఎప్పుడో చూడండి. అది త్యాగరాజ ఆరాధన రోజు. మీ తేదీలు దానికి దగ్గరపడితే నిర్ణయం నాన్నగారికే వదలండి. ఆ రోజు ఉంటే వందలమంది విద్వాంసులు ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడడం వినొచ్చు. కానీ జనం విపరీతం, సమాధి దగ్గర ప్రశాంతంగా కూర్చోవడం కుదరదు. ఆయన అడిగింది "కాసేపు కూర్చోవాలి" అని కాబట్టి, ఆరాధన అయిన రెండు మూడు రోజులకి వెళ్తే మేలని నాకనిపిస్తోంది.

కనుమ రోజుని తమిళులు మాట్టు పొంగల్ అంటారు. ఆ రోజు తంజావూరు గుడి నందిని కూరగాయలతో, పళ్ళతో నిలువెల్లా అలంకరిస్తారు, చూడాల్సినదే. కానీ సంక్రాంతి మూడు రోజులూ గోదావరి వాళ్ళని ఇల్లు వదిలి రమ్మనే ధైర్యం నాకు లేదు. కనుమ దాటాక బయల్దేరండి. బాబుకి రెండు మూడు రోజులు బడి పోతే పోనివ్వండి.

రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్నే చేసెయ్యండి. అమ్మానాన్నలకి కింది బెర్తులు దొరకడం ముఖ్యం. చెన్నైలో ఒక తిరకాసుంది. మన వైపు నుంచి వెళ్ళే బళ్ళు ఎక్కువ సెంట్రల్‌లో ఆగుతాయి. తంజావూరు బళ్ళు ఎక్కాల్సింది ఎగ్మోర్‌లోనో తాంబరంలోనో. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూసుకుని, మధ్యలో కనీసం నాలుగైదు గంటలు ఉండేలా పెట్టుకోండి. పెద్దవాళ్ళతో, సామానుతో ఆటోలో పరుగులు పెట్టే పని పెట్టుకోకండి.

మకాం రెండే చోట్ల. తంజావూరులో రెండు రాత్రులు, కుంభకోణంలో మూడు. ఈ రెంటికీ మధ్య నలభై కిలోమీటర్లే. రోజుకో ఊళ్ళో దిగితే రోజుకోసారి సామాను సర్దడమే సరిపోతుంది. తంజావూరులో తిరగడానికి ఆటోలు చాలు. కుంభకోణం వెళ్ళే రోజు నుంచి మాత్రం కారు మాట్లాడుకోండి. కిలోమీటరు రేటు, డ్రైవర్ బత్తా, టోల్ ఎవరిదన్నది ఎక్కే ముందే తేల్చుకోండి.

తంజావూరు పొద్దున్నే చేరితే ఆ పూట ఎక్కడికీ వద్దు. స్నానం, భోజనం, నిద్ర. నాలుగున్నరకి పెద్దగుడికి. రాజరాజచోళుడు 1010లో పూర్తిచేసిన గుడి ఇది. గర్భగుడి మీది విమానం దాదాపు 216 అడుగులు, అంతా గ్రానైటు. సాయంత్రపు ఎండకి ఆ రాయి తేనె రంగులోకి తిరుగుతుంది. కాసేపటికి ఎర్రబడి, ఆనక బూడిద రంగై, దీపాలు వెలిగాక మళ్ళీ బంగారు రంగుకొస్తుంది. ఈ మార్పు చూడాలంటే ప్రాకారంలో ఒక మూల చాప వేసుకున్నట్టు కూర్చుండిపోవాలి. ఊళ్ళో వాళ్ళు కూడా సాయంత్రాలు పిల్లల్ని వేసుకొచ్చి అలాగే కూర్చుంటారు.

విమానం నీడ నేల మీద పడదని ఎవరో ఒకరు మీ బాబుకి చెప్తారు. పడుతుంది. ఆ మాట వాడినే తేల్చమనండి, సాయంత్రం నీడ ఎటు పోయిందో, మర్నాడు పొద్దున ఎటు వచ్చిందో గుర్తు పెట్టుకోమనండి. అలాగే లోపలి గోపురం దగ్గర పెద్ద ద్వారపాలకుడి కాళ్ళ దగ్గర పాముని వెతకమనండి. ఆ పాము ఏనుగుని మింగుతూ ఉంటుంది. ఏనుగుని మింగే పాము ఆ ద్వారపాలకుడి పాదం దగ్గర అంతే ఉందంటే ఆయన ఎంతటి వాడో, ఆయన కాపలా కాసే లోపలి స్వామి ఎంతటి వాడో ఊహించుకోమని శిల్పి చెప్పిన తీరు అది. పిల్లలకి ఇది ఇట్టే పట్టుకుంటుంది.

మర్నాడు ఆరున్నరకి మళ్ళీ అదే గుడికి వెళ్ళండి. రెండోసారా అనుకోకండి, ఈసారి పని వేరు. విమానం కింద రాతి అంచుల వెంట వరసలు వరసలుగా శాసనాలు ఉంటాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్షరాల గాడుల్లో నీడ నిలిచి లిపి తేలి కనబడుతుంది, ఎనిమిదిన్నర దాటితే ఆ తేట పోతుంది. తంజావూరు రాజమందిరంలో స్నానశాలలో కూర్చుని రాజరాజు ఇచ్చిన ఆజ్ఞ అందులో ఉంది. ఈ గుడికి మేము ఇచ్చినవి, మా అక్క ఇచ్చినవి, మా రాణులు ఇచ్చినవి, ఇంకా ఇచ్చినవాళ్ళు ఇచ్చినవి, అన్నీ రాతి మీద చెక్కండి అని. అక్క అన్న చోట శాసనంలో ఉన్న మాట "అక్కన్". వెయ్యేళ్ళ కిందటి తమిళ శాసనంలో మన ఇంటి మాట! ఆ అక్కగారి పేరూ కుందవ్వే, రాజరాజనరేంద్రుడి తల్లికి పెట్టింది ఈవిడ పేరే. ఆవిడ తన అమ్మానాన్నల విగ్రహాలు చేయించి ఈ గుడికి ఇచ్చింది. ఆ శాసనాల్లోనే గుడికి తెచ్చిన నాలుగు వందల మంది నర్తకీమణుల పేర్లు, ఎవరికి ఏ వీధిలో ఎన్నో ఇల్లు ఇచ్చారన్న లెక్కా ఉంది. పెద్ద పెద్ద రాజ్యాల కథలకంటే ఈ ఇంటి నంబర్లు నన్ను ఎక్కువ కదిలిస్తాయి. శాసనాలు చదివే గైడు దొరికితే ఒక గంటకి పెట్టుకోండి, నాన్నగారి ఆనందం ముందు ఆ డబ్బు ఎంత.

ఒక మాట ముందే చెప్పాలి. గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవాలో చోళుల కాలం చిత్రాలు ఉన్నాయి. వాటి మీద తర్వాత తంజావూరుని ఏలిన నాయకరాజులు తమ చిత్రాలు వేయించడంతో కిందివి మరుగునపడి, 1931లో బయటపడ్డాయి. ఆ పై అంతస్తులో నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాల్లో, అంటే నాట్య భంగిమల్లో, 81 చెక్కి ఉన్నాయి. ఆ నడవాల్లోకి మామూలు సందర్శకులని పంపరు. తెలియక వెళ్ళి నిరాశపడకండి.

ఆ పూట టిఫిన్ తర్వాత రాజమందిరానికి. తంజావూరుని 1532 నుంచి 1673 దాకా ఏలిన నాయకరాజులు తెలుగువాళ్ళు, కొలువు భాష తెలుగు. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. చేమకూర వెంకటకవి విజయవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఆ మందిరంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయానికి బీజం వాళ్ళ కాలంలోనే పడింది, మరాఠా రాజు రెండో శరభోజి పెంచి పెద్దచేశాడు. తాళపత్రాలు అద్దాల వెనక పెట్టిన మ్యూజియం గది చిన్నదే. అక్కడ నాన్నగారిని తొందరపెట్టకండి, అమ్మగారూ బాబూ పక్కనే కంచు విగ్రహాల గ్యాలరీలోకి వెళ్ళొచ్చు. అందులో తిరువెంకాడు నుంచి తెచ్చిన 1011 నాటి వృషభవాహనుడి విగ్రహం ఉంది. శివుడు నంది మీద చెయ్యి ఆనించి నిలబడ్డట్టుంటాడు, కానీ నంది లేదు. తలపాగాలా చుట్టుకున్న జటలు, ఆ చుట్టల్లో పాము, గాలిలో వాలిన మోచెయ్యి. లేని నంది ఎంత ఎత్తు ఉండేదో ఆ చేతిని బట్టే తెలిసిపోతుంది. బాబుని తిన్నగా ఆ విగ్రహం ముందుకి తీసుకెళ్ళండి, మిగతావి వాడి ఇష్టం.

మధ్యాహ్నం పడక. నాలుగింటికి తిరువయ్యారు, పదమూడు కిలోమీటర్లు. ఇక్కడ మాత్రం మరో గుడి కలపకండి. త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి పాడుబడి ఉన్న సమాధిని చూసి, తన నగలూ ఆస్తీ అమ్మి, ఆ స్థలం కొని గుడి కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మగారు. తంజావూరు మరాఠా రాజుల కొలువులో ఉన్న కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయించిందీ ఈవిడే, మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామికి ఎదురుగా ఉంది. చాలామంది తెలియక దాటిపోతారు. మీరు ఒక పువ్వు అక్కడ కూడా పెట్టండి. స్వామి కీర్తనలు గోడల మీద పలకల్లో చెక్కించి ఉన్నాయి. చుట్టుపక్కల అందరూ తమిళం మాట్లాడుతుంటారు, పాట దగ్గరకొచ్చేసరికి అందరి నోటా తెలుగే. నాన్నగారికి పాడాలనిపిస్తే పాడనివ్వండి, ఎవరూ ఏమీ అనుకోరు. వెనక మెట్లు దిగితే కావేరి.

మూడో రోజు కుంభకోణం ప్రయాణం. దారిలో పుళ్ళమంగై అనే పల్లెలో బ్రహ్మపురీశ్వరుడి గుడి ఉంది, పెద్దగుడికంటే వందేళ్ళ ముందుది. గోడల కింద అరచేతంత సైజులో చెక్కిన రామాయణం బొమ్మలు ఉంటాయి. జనం ఉండరు. అరగంట చాలు.

సాయంత్రం దారాసురం. మూడింటిలోనూ చిన్నది ఇదే, నాకు బాగా ఇష్టమైనదీ ఇదే. ముందున్న మంటపానికి రాతి చక్రాలూ గుర్రాలూ కట్టి రథంలా చేశారు. తంజావూరులో మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూస్తాం. దారాసురంలో ఒంగి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో తడుముతూ చూడాలి. గోడ మీద ఒకచోట ఏనుగూ ఎద్దూ ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, రెంటికీ కలిపి తల ఒక్కటే. చేత్తో ఎడమవైపు మూస్తే ఒక జంతువు, కుడివైపు మూస్తే రెండోది. ఏది ఎటో నేను చెప్పను, బాబుని కనిపెట్టనివ్వండి. గర్భగుడి చుట్టూ కింది వరసలో అరవై ముగ్గురు నాయనార్ల, అంటే శివభక్తుల, కథలు చిన్న చిన్న పలకల్లో ఉన్నాయి. వాళ్ళలో మన కాళహస్తి కన్నప్ప ఒకడు. కన్నప్ప ఎక్కడున్నాడో వెతికి పెట్టమని బాబుకి పని అప్పజెప్పండి. కన్నులో బాణం పెట్టుకునే ఆ భక్తుడి కథ ముందురోజు రాత్రి తాతగారు చెప్పి ఉంచితే, వాడు గుడి చుట్టూ రెండు ప్రదక్షిణలు అడక్కుండానే చేస్తాడు.

ఇక నవగ్రహాలు. తొమ్మిదీ ఒక్క రోజులో చూపిస్తామని కుంభకోణంలో బళ్ళు దొరుకుతాయి. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రికి వస్తారు. ఒకటి కారైకాల్ దగ్గరి తిరునల్లారు, ఇంకొకటి సముద్రం వైపు, ఇంకొకటి ఇటు తంజావూరు దారిలో. అమ్మగారి మోకాళ్ళతో ఇది చెయ్యొద్దని గట్టిగా చెప్తున్నాను. అలాగని పెద్దమ్మగారి మాట తీసేసినట్టూ ఉండక్కర్లేదు. కుంభకోణానికి దగ్గరలోనే సూర్యనార్ కోవిల్ ఉంది. అక్కడ మూలవిరాట్టు సూర్యుడు, మిగతా ఎనిమిది గ్రహాలకీ అదే ఆవరణలో విడివిడిగా సన్నిధులు ఉన్నాయి. ఒకే చోట తొమ్మిదిమందికీ దణ్ణం పెట్టుకోవచ్చు. ఈ గుడి శాసనాల్లో దీని పేరు కులోత్తుంగచోళ మార్తాండాలయం. రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడి పేరు మీద వెలసినది. ఇదీ చుట్టాల గుడే అన్నమాట! నాలుగో రోజు పొద్దున ఈ గుడి, తర్వాత తిరునాగేశ్వరంలో రాహువుని కూడా చూసుకుని పన్నెండింటికి గదికి వచ్చెయ్యండి. ఎవరికైనా ఫలానా గ్రహానికి మొక్కు ఉంటే అది వేరే సంగతి, ఆ ఒక్క గుడికీ ఒక పూట కేటాయించండి.

కుంభకోణంలో సాయంత్రాలు ఊళ్ళోనే గడపండి. రఘునాథ నాయకుడు కట్టించిన రామస్వామి గుడిలో సీతారాములు పట్టాభిషేక భంగిమలో ఉంటారు, ప్రాకారం గోడల మీద రామాయణం అంతా బొమ్మల్లో ఉంది. అమ్మగారికి నచ్చే గుడి అది, నడక కూడా తక్కువ. అక్కణ్ణుంచి మహామహం కోనేరు. దాని చుట్టూ ఉన్న పదహారు మంటపాలు నాయకరాజుల మంత్రి గోవింద దీక్షితులు కట్టించినవి. పన్నెండేళ్ళకోసారి వచ్చే మహామహం 2016లో జరిగింది, మళ్ళీ 2028లో. ఆ సంవత్సరం మాఘమాసంలో మాత్రం ఆ ఊరివైపు ప్లాన్ పెట్టుకోకండి, పుణ్యస్నానం కోసమే వెళ్తే తప్ప. శార్ఙ్గపాణి, కుంభేశ్వరుడు వీలుంటే.

ఐదో రోజు పూర్తిగా ఖాళీ ఉంచండి. ఒంట్లో బాగోకపోయినా, వాన పడినా, ఎవరికైనా ఏదైనా గుడి మళ్ళీ చూడాలనిపించినా ఆ రోజు అక్కరకొస్తుంది. మీ వారికీ బాబుకీ ఓపికుంటే ఒక గంట స్వామిమలై వెళ్ళొచ్చు. అక్కడ స్థపతులు ఈనాటికీ మైనంతో బొమ్మ చేసి, దాని మీద కావేరి ఒండ్రుమట్టి పూసి, కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఒక అచ్చుతో ఒకే విగ్రహం, మట్టి పగలగొట్టాకే బయటికొస్తుంది. తంజావూరు గ్యాలరీలో చూసినవి ఇలాగే తయారయ్యాయని బాబుకి అప్పుడు అర్థమవుతుంది. సుబ్రహ్మణ్యస్వామి గుడికి అరవై మెట్లు, ప్రభవ విభవ మొదలుకుని మన అరవై సంవత్సరాల పేర్లు. అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి.

ఆరో రోజు సామానుతో సహా బయల్దేరి ఎనిమిదికల్లా గంగైకొండ చోళపురం చేరండి, ముప్ఫై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. గంగ దాకా దండు పంపి, కలశాలతో గంగాజలం తెప్పించి రాజేంద్రుడు కట్టిన రాజధాని అది. ఇప్పుడు గుడి, గుడి చుట్టూ పచ్చిక, కాస్త దూరంలో రాజమందిరం ఇటుక పునాదులు, అంతే. తండ్రి గుడి విమానం గీత గీసినట్టు నిటారుగా లేస్తుంది. కొడుకు గుడి కొంచెం పొట్టి, అంచులు లోపలికి వంపు తిరిగి ఉంటాయి. ఉత్తరం వైపు మెట్ల పక్కన ఒక శిల్పం ఉంది. శివుడు, పక్కన పార్వతి, వాళ్ళ కాళ్ళ దగ్గర చేతులు జోడించిన భక్తుడు చండేశుడు. స్వామి తన చేతులతో పూలదండ తీసి అతని తలకి చుడుతున్నాడు. దగ్గరగా వెళ్ళి ఆ వేళ్ళు చూడండి. పసిపిల్లాడికి తండ్రి తలపాగా కట్టేటప్పుడు ఉండే జాగ్రత్త ఆ రాతి వేళ్ళల్లో ఉంది. ఆ పిల్లాడు రాజేంద్రుడేనని కొందరంటారు. ఎవరైనా సరే, నేను అక్కడ నిలబడినంతసేపు ఇంకో మాట మాట్లాడలేకపోయాను. బాబుకి ఆవరణలో సింహం నోట్లోంచి దిగే బావి ఉంది.

అక్కణ్ణుంచి చిదంబరం గంట పైన. గుడి మూసే వేళకి చేరతారు కాబట్టి హడావిడి పడకుండా గది తీసుకుని భోంచేసి పడుకోండి, సాయంత్రం వెళ్ళండి. కనకసభ ఎక్కాలంటే మగవాళ్ళు చొక్కా తీసెయ్యాలి. మీ వారికీ బాబుకీ పంచెలు పెట్టుకోండి, తేలిగ్గా ఉంటుంది. గోపుర ద్వారాల గోడలకి 108 కరణాలూ ఉన్నాయి, తంజావూరులో చూడలేకపోయిన నాట్య భంగిమలు ఇక్కడ కళ్ళెదురుగా ఉంటాయి. దర్శనమయ్యాక రాత్రి బండికి చెన్నై. ఈ టికెట్ కూడా అరవై రోజుల ముందే.

శ్రీరంగం సంగతి. ఏడు ప్రాకారాలు, ఇరవై ఒక్క గోపురాలు, 156 ఎకరాలు. దాన్ని ఈ ప్రయాణానికి తోకలా తగిలించకండి. ఏడో రోజు దొరికితే తిరుచ్చిలో ఒక రాత్రి ఉండి చూడండి, లేదంటే ఇంకోసారి. రంగనాథుడు పిలిచినప్పుడు వెళ్దురుగాని.

అమ్మగారి కోసం మడత స్టూలు ఒకటి కొనండి, చేతిలో పట్టుకెళ్ళేది. అంత పెద్ద ప్రాకారాల్లో కూర్చోవడానికి చోటు వెతుక్కోవడమే పెద్ద శ్రమ. మందపాటి సాక్సులు రెండు జతలు. ప్రతి గుడిలోనూ అన్ని ఉపాలయాలూ తిరగాలని పట్టుబట్టకండి, మూలవిరాట్టు దర్శనం అయ్యాక ఆవిడ కూర్చుంటారు, మీరు తిరిగి రండి. భోజనానికి భయం లేదు, అరిటాకులో సాంబారు, రసం, కూట్టు, మజ్జిగ దొరుకుతాయి. కారం చప్పగా అనిపిస్తే ఎలాగూ మీ బ్యాగులో ఆవకాయ సీసా ఉంటుంది. కొన్ని గుళ్ళలో గోత్రం అడిగి, పెద్ద పూజ చేయిస్తామని వెంటపడేవాళ్ళు ఉంటారు. "వేండామ్" (వద్దు) అని నవ్వుతూ చెప్పి ముందుకి నడవండి.

పెద్దమ్మగారి జాబితా పారెయ్యకండి. ఆ కాగితం వెనకవైపు నాన్నగారి చేత రాజరాజచోళుడి దగ్గర్నుంచి దారాసురం కట్టిన రెండో రాజరాజు దాకా వంశవృక్షం రాయించండి, మధ్యలో మీ ఊరి రాజుగారి పేరు పెద్దక్షరాలతో. దాన్ని మడిచి బాబు జేబులో పెట్టండి. ఏ గుడికి వెళ్ళినా, ఇది కట్టించినాయన మన రాజుగారికి ఏమవుతాడో ముందు వాడు చెప్పాలి, అప్పుడే లోపలికి.